ఫ్యాక్టరీకో రూలు, ఫ్లాట్‌కో రూలా?

ఫార్మా ఫ్యాక్టరీలున్న పరవాడ వైపు నుంచి ఘాటు వాసన వస్తే విశాఖంతా కోపంతో ఊగిపోతుంది, ఊగిపోవాలి కూడా, 2020 మే 7 తెల్లారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ గ్యాస్ ఏం చేసిందో కళ్లారా చూసిన ఊరిది. కానీ అదే జనం వాడేసిన ఇన్సులిన్ సూది, కాలిపోయిన ట్యూబ్‌లైట్, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీ, సగం మిగిలిన బొద్దింకల మందు డబ్బా అన్నీ నిన్నటి సాంబారన్నంతో కలిపి ఒకే నల్ల కవర్లో ముడేసి చెత్త బండిలోకి విసిరేస్తున్నారు.

ఆ కవర్ విప్పేదెవరు? బండి మీద నిలబడి తడీ పొడీ చేత్తో వేరుచేసే మనిషి. గ్లౌజులున్నా సూది ఆగదు, అది ఎవరికి గుచ్చిందో, వాళ్లకి హెపటైటిస్ ఉందో ఏముందో తెలీదు, ఈ మనిషి మాత్రం కేజీహెచ్ పెద్దాసుపత్రికి పరిగెత్తి నెలల తరబడి టెస్టులు చేయించుకుంటూ బిక్కుబిక్కుమంటూ బతకాలి. ట్యూబ్‌లైట్ పగిలితే పాదరసం ఆవిరి ముందు పీల్చేదీ ఆ మనిషే. లిథియం బ్యాటరీ కాంపాక్టర్‌లో నలిగితే నిప్పంటుకుంటుంది. మిగిలిందంతా కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి.

ఇలాంటివి ఫ్యాక్టరీ గేటు దాటాలంటే లెక్క రాయాలి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి, గెడ్డలో పోస్తే కేసు. అపార్ట్‌మెంట్ గేటు దాటితే మాత్రం ఉత్త చెత్తేనా?

ఇంటికి రెండు బల్బులకి ఇంత గోలెందుకు, అయినా ఎక్కడివ్వాలో ఎవరు చెప్పారు అంటున్నారు. రెండోమాట నిజమే. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి ఇలాంటి చెత్త తీసుకునే సెంటర్ ఒకటి ఉండాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ రూల్స్‌లోనే రాశారు, 98 వార్డుల ఊళ్లో మీకు దగ్గర్లోది ఎక్కడుందో మీలో ఎంతమంది చెప్పగలరు? అధికారులు ఆ లిస్టు ప్రతి వార్డు సచివాలయం గోడకీ అంటించాలి, ఈ వారమే.

మొదటిమాట మాత్రం ఒప్పుకోం. లక్షల ఇళ్లున్న ఊళ్లో ఇంటికి రెండంటే ఎన్నో లెక్కేసుకోండి. సెంటర్ లేదు కాబట్టి సూది అన్నంలో కలిపేస్తాం అంటే ఎలా, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి పైన సూదులు అని రాసి విడిగా ఇవ్వడానికి ఏ జీవో కావాలి?

ఫ్యాక్టరీల కాలుష్యం మీద ప్లకార్డులు పట్టుకుని బీచ్ రోడ్డులో నడిచే చదువుకున్నవాళ్ల ఇళ్లల్లోనూ ఇదే తంతు, మాకు ఎక్కువ కోపం అక్కడే. రేపు మళ్లీ ఎక్కడైనా గ్యాస్ లీకైతే రోడ్డెక్కుతాం, ఎక్కాలి, కానీ మీ ఇంట్లో విషం మీరేం చేస్తున్నారని ఆ యాజమాన్యం ఎదురడిగితే ఏం చెప్తారు? రేపు పొద్దున బండి వచ్చేలోపు ఒక డబ్బా పక్కన పెట్టండి, ఆపాటి పని కూడా చేయనివాళ్లు ఇక ఫ్యాక్టరీల గురించి మాట్లాడకండి.