మీటరున్నరలో ఇమిడిన బతుకులు

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా విశాఖ తీరంలో పోటుకూ ఆటుకూ తేడా సుమారు మీటరున్నరే. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట రాళ్ల మీద బతికే సముద్రపు నత్తలకు నిలువునా ఉన్న జాగా అంతే. అందులోనే వాటాలు. తుంపర మాత్రమే తగిలే పై అంచున బఠాణీ గింజంత లిట్టోరినాలు ఉంటాయి. ఎండ ముదరగానే మూత బిగించి, గుల్ల అంచును జిగురుతో రాతికి అంటించుకుని, మళ్లీ తడి తగిలేదాకా కదలవు. వాటి కింద నెరిటాలు, టోపీ ఆకారపు లింపెట్లు. ఇంకా దిగువన, రాతికి అతుక్కుని గట్టి పెంకులో బతికే బార్నకిల్స్‌ను, ఆలిచిప్పలను తొలిచి తినే థాయిస్ నత్తలు.

లింపెట్ పళ్లలో గోయిథైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. వాటితోనే రాతి మీది నాచును గీకి తింటుంది. ఆ పని ఆగితే ఏమవుతుందో 1967లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ చూసింది. టోరీ కేనియన్ నౌక నుంచి ఒలికిన చమురును వదిలించడానికి చల్లిన డిటర్జెంట్లు లింపెట్లను చంపేశాయి. రాళ్లు పచ్చటి నాచుతో కప్పుకుపోయాయి. మునుపటి స్థితి రావడానికి పదేళ్లు దాటింది.

మన దగ్గర ముప్పు చాలావరకు చేతులారా తెచ్చుకుంటున్నదే. పీతల కోసమో ఫొటో కోసమో రాయి తిరగేసి అలాగే వదిలేస్తారు. దాని అడుగున థాయిస్ పెట్టిన గుడ్ల సంచులు మిట్టమధ్యాహ్నపు ఎండకు ఎండిపోతాయి. రాయిని యథాస్థానంలో, అదే ముఖం కిందికి పెడితే చాలు. ఖాళీ గుల్లలనూ ఏరుకుపోకూడదు, సన్యాసి పీతకు వేరే ఇల్లు లేదు.

ఇసుక సంగతి ఇంతకన్నా పెద్దది. ఏడాది మొత్తం మీద ఈ తీరంలో ఇసుక నికరంగా ఉత్తరానికి కదులుతుంది. ఓడరేవు గోడలు దాన్ని అడ్డుకుంటాయి కాబట్టి డ్రెడ్జింగ్‌లో, అంటే రేవు అడుగు తవ్వినప్పుడు, వచ్చిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం అవసరమే, దాన్ని మేం కాదనడం లేదు. కానీ ఆ ఇసుక జరిగి రాళ్ల పగుళ్లను పూడిస్తే, అంటుకుని బతికే లింపెట్‌కు తప్పించుకునే దారి ఉండదు.

పోసేముందు ఆ ఇసుకలో ట్రైబ్యూటైల్ టిన్ ఉందేమో పరీక్షించి ఫలితం బయటపెట్టాలి. ఓడల అడుగుకు పూసే రంగుల్లో ఈ విషాన్ని అంతర్జాతీయ ఒప్పందం 2008లో నిషేధించినా, రేవుల బురదలో అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. లీటరు నీటిలో ఒక నానోగ్రాము స్థాయిలోనే కొన్ని జాతుల ఆడనత్తలకు మగ అవయవం మొలుస్తుంది. అది ముదిరితే గుడ్లదారి మూసుకుపోయి సంతానం ఆగుతుంది.

2019 తీర నియంత్రణ నిబంధనలు ఆటుపోట్ల మధ్య జాగాను సీఆర్‌జెడ్-1బి అనే తీర నియంత్రణ మండలంగా గుర్తించాయి. అయినా అక్కడ ఏ నత్త ఎంత ఉందో లెక్క లేకుండా అనుమతులిస్తే, పోయిందేమిటో తెలిసేదెలా? లెక్కకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. అరమీటరు చదరపు చట్రం, రాతికి కొట్టిన శాశ్వత గుర్తులు, ప్రతి అమావాస్య ఆటు వేళ అదే చోట లెక్కింపు. ఆంధ్ర విశ్వకళాపరిషత్ విద్యార్థులకు ఈ పని అప్పగించాలి. కనీసం ఒక ఏడాది లెక్క చేతికొచ్చేదాకా ఈ రాళ్లను ఆనుకుని కొత్త గోడలకు, మెట్లకు అనుమతి ఇవ్వరాదు.