భూతాపానికి బాధ్యుడు దొరికాడు

భూగోళం వేడెక్కడానికి కారకులెవరన్న విషయం మీద ప్రపంచ దేశాలు ఇన్నేళ్లుగా అనవసరంగా తర్జనభర్జన పడుతున్నాయి. బాధ్యుడు మన వీధి చివరే ఉన్నాడు. పొద్దున్నే పప్పు, సాంబారు, వేపుడు వండి, మధ్యాహ్నానికి ప్యాకెట్లు కట్టి, మిగిలిన పెరుగునూ దోసె పిండినీ సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్‌లో దాచుకునే కర్రీ పాయింట్ యజమానే అతడు. తలుపు రబ్బరు పట్టు వదిలితే సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి మరీ వాడుతున్నాడంటే, నేరం ఎంత పట్టుదలతో సాగుతోందో గ్రహించవచ్చు.

సాక్ష్యాలు బలంగానే ఉన్నాయి. పాత అద్దాల ఫ్రిజ్‌లలో చల్లదనం పుట్టించే ఆర్-134ఎ వాయువు ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత చేటు. పెద్ద ఫ్రీజర్లలో వాడే ఆర్-404ఎ అయితే 3,900 కిలోల పైమాటే. ‘గ్యాస్ పోయింది’ అని కబురు వెళ్లగానే మెకానిక్ వస్తాడు. సబ్బు నురగ పూసి లీకు వెతికి అతుకు వేయాలంటే పూట గడుస్తుంది, ఈలోగా పాలు విరుగుతాయి. అందుచేత ఉభయుల అంగీకారంతో లీకును గౌరవంగా అలాగే ఉంచి కొత్త గ్యాస్ ఎక్కిస్తారు. లోపల మిగిలిన పాత గ్యాస్ బుస్సుమని ఆకాశానికి పోతుంది. దాన్ని పట్టి సిలిండర్‌లో నింపే యంత్రం ఉన్నమాట నిజమే కానీ, అది మెకానిక్ స్కూటర్ మీదా పట్టదు, అతని సంపాదనలోనూ పట్టదు.

ఈ వాయువుల వాడకాన్ని తగ్గిస్తామని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం 2021లో ఆమోదముద్ర వేసింది. 2028లో వాడకం పెరగకుండా కట్టడి, 2032లో తొలి 10 శాతం కోత, 2047 నాటికి 85 శాతం కోత అన్నది మన వాయిదాల పట్టిక. ప్రభుత్వాలకు ఇంత తీరిక ఇచ్చిన ఉదార ప్రపంచం, కర్రీ పాయింట్ మాత్రం రేపే మారాలని ఆశించడంలో తప్పేముంది?

మారడానికి దారి లేకపోలేదు. ఆర్-290, అంటే ప్రొపేన్, భూమిని వేడెక్కించడంలో పాతవాటి ముందు లెక్కలోకే రాదు. అయితే అది మండుతుందని పెద్దలు ఆందోళన చెందుతున్నారు. చిన్న ఫ్రిజ్‌లో అది 150 గ్రాములకు మించదు. వంట గ్యాస్‌లో బ్యూటేన్‌తో పాటు ఉండేదీ ఇదే ప్రొపేన్. అదే కొట్టులో, అదే ఫ్రిజ్ పక్కన, 19 కిలోల సిలిండర్ మీద రోజంతా మంట ఎగసిపడుతున్నా కలగని భయం ఈ 150 గ్రాములను చూస్తే కలుగుతోంది. నిజమైన ప్రమాదం మరొకచోట ఉంది: లోపలి గ్యాస్‌ను పూర్తిగా తీయకుండా గొట్టానికి మంట పెట్టి అతికే చేతిలో ఉంది. అందుకే లక్షమంది మెకానిక్‌లకు 2022-23 నాటికి శిక్షణ ఇవ్వాలని 2019లో జాతీయ కూలింగ్ కార్యాచరణ ప్రణాళిక తలపెట్టింది. మన వీధి మెకానిక్ మాత్రం మేనమామ దగ్గరే శిక్షణ పూర్తిచేశాడు.

డబ్బు సంగతి ఎత్తడం మర్యాద కాదు గానీ, వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి తొలి విడత అప్పు 2020లో 10,000 రూపాయలు, 2025లో 15,000 అయింది. దానితో కొత్త డీప్ ఫ్రీజర్ మూత దాకా కొనవచ్చు. మిగతా భాగానికి రోజువారీ వడ్డీవాడు ఉండనే ఉన్నాడు. శీతల పానీయాల కంపెనీ ఊరికే పెట్టి వెళ్లిన ఫ్రిజ్ అయితే మరీ సుఖం: పెట్టె కంపెనీది, అందులో ఉంచదగిన సీసాలూ కంపెనీవే, కరెంటు బిల్లు ఒక్కటే యజమానిది.

ఈ మధ్య కొందరు అమాయకులు ఒక ఉపాయం చెబుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014-15 ప్రాంతంలో పాత బల్బు తెచ్చినవారికి పది రూపాయలకే ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు కదా, అలాగే పాత ఫ్రిజ్ తీసుకుని కొత్తది ఇచ్చి, సొమ్మును కరెంటు బిల్లులో నెలనెలా కొంచెంగా రాబట్టమంటారు. పాత గ్యాస్‌ను పట్టి అప్పగించిన మెకానిక్‌కు కిలోకింత చొప్పున చెల్లించమంటారు. కంపెనీ పెట్టిన ఫ్రిజ్‌లను కంపెనీ చేతే మార్పించమంటారు. ఈ పద్ధతిలో ప్రాజెక్టు రిపోర్టు లేదు, మూడు కాపీల దరఖాస్తు లేదు, గెజిటెడ్ సంతకం లేదు, ఏసీ హాలులో అవగాహన సదస్సు అసలే లేదు. ఇన్ని లోపాలున్న పథకాన్ని బాధ్యతగల ప్రభుత్వమేదీ అంగీకరించజాలదని సవినయంగా మనవి.