సహారాలో చేప ముల్లు సాక్ష్యం

ఎడారి తవ్వకాల్లో వార్తలకెక్కేది ఏనుగు దంతమో, గుహ గోడ మీది బొమ్మో. చేప ముల్లుకు ఆ యోగం లేదు. నన్నడిగితే, ఒకప్పుడు నీళ్లున్న సహారా పాత కథకు అంతకంటే నమ్మదగ్గ సాక్షి దొరకదు.

లిబియా నైరుతి మూలన అకాకస్ కొండల్లో తకర్కోరి అనే చోట, రాతి చరియ కింద మనుషులు వేల ఏళ్లు తలదాచుకున్నారు. అక్కడ దొరికిన 17,551 జంతు అవశేషాల మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో 80 శాతం దాకా చేపలవే. ఇప్పుడక్కడ ఉన్నది ఇసుకా, రాళ్లూ! కోసిన గాట్లు, కాలిన మచ్చలు చూసి అవి మనుషులు తిని పారేసినవని తేల్చారు. ఆ గుర్తుల్లేని ఎముకల గుట్టను నమ్మలేం. సౌదీలోని ఉమ్ జిర్సాన్ లావా గుహలో లక్షల ఎముకలు పోగేసింది మనిషి కాదు, ముఖ్యంగా చారల దుమ్ములగొండి.

తకర్కోరిలో 10,200 నుంచి 8,000 ఏళ్ల కిందటి పొరల్లో చేపల వాటా 90 శాతం. 5,900 నుంచి 4,650 ఏళ్ల కిందటికి అది 40కి పడిపోయింది. దీన్నిబట్టే నీళ్లు ఎండిపోయాయని తేల్చేస్తే తొందరపాటే. ఈలోగా పశువుల పెంపకం వచ్చింది. గొర్రె, మేక, ఆవు ఎముకలు పెరిగితే చేపల శాతం దానంతటదే తగ్గుతుంది. అసలు కిటుకు ఏ చేప తగ్గిందన్నదే. తిలాపియా బాగా తగ్గింది, క్యాట్‌ఫిష్ నిలిచింది. నిషేధం ఉన్నా మన చెరువుల్లో గుట్టుగా పెంచుతుంటారే, ఆ కుటుంబమే. గాలి పీల్చగలదు కాబట్టి వేడెక్కిన లోతులేని మడుగులోనూ బతికేస్తుంది. తిలాపియాకు ఆ వీలు లేదు. మందల లెక్కతో పని లేకుండా నీటి సంగతి చెప్పేది ఈ తేడాయే.

మన భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో రాతి పనిముట్లు దొరికాయి. చేతి పనితనం ఎంతో అవి చెబుతాయి, కడుపులోకి ఏం పోయిందో చెప్పవు. వానకు నానుతూ ఎండకు ఆరుతూ ఉండే ఇసుకలో ఎముక నిలవడం కష్టం. సున్నపురాయి దాచిపెట్టిన ఎముకలు చూడాలంటే బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల వైపు వెళ్లాలి. 1880ల్లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించింది అక్కడే.

ఎక్కడ తవ్వినా మట్టిని సన్న జల్లెడ పట్టకపోతే ముళ్లు దొరకవు. దొరికినా ఏ చేపదో తేల్చడానికి నేటి చేపల అస్థిపంజరాలు పక్కన పెట్టుకోవాలి. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో పురావస్తు శాఖా ఉంది, సముద్ర జీవుల మీద పనిచేసే శాఖా ఉంది. ఫిషింగ్ హార్బర్‌కు రోజూ రకరకాల చేపలొస్తాయి. అలాంటి సేకరణకు ఇంతకంటే అనువైన ఊరు మన రాష్ట్రంలో నాకైతే కనపడదు.