పిలిస్తే పలికినందుకు

నాన్నకి చెవి మిషన్ కొనాలా, ప్రభుత్వం ఇచ్చేది తెచ్చుకోవాలా అని మా ఇంట్లో సంక్రాంతి నుంచి పంచాయితీ. విజయనగరంలో ఒక ప్రైవేటు షాపువాడు ఒక్కో చెవికి పాతిక వేలతో మొదలుపెట్టి లక్ష దాటించాడు. టీ మాత్రం ఉచితం. ఇటుపక్క వయోశ్రీ పథకం ఉంది. 60 దాటి, నెలాదాయం 15 వేలు మించకపోతే పరీక్ష చేసి మిషన్ ఊరికే ఇస్తారు. జూట్ మిల్లు మగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్న మనిషికి ఆ మాత్రం దక్కాలి కదా అని నాన్నని క్యాంపుకి తీసుకెళ్లాను.

వచ్చినవాళ్లంతా చెవులు వినపడనివాళ్లే. వాళ్లని పిలవడానికి పెట్టిన కుర్రాడిది మాత్రం గర్భగుడిలో అర్చన చేసే గొంతు. మైకు లేదు, బోర్డు లేదు. పేరు చదువుతాడు, ముసలాళ్లందరూ ప్రశాంతంగా ఫ్యాను వైపు చూస్తుంటారు, 'రాలేదు' అని రాసుకుని తర్వాతి పేరుకి వెళ్తాడు. ఇలా ఎంతమంది రాకుండా పోయారో ఆ ఫ్యానుకే తెలియాలి. నాన్న పేరు వచ్చింది. నాన్న పల్లీలు ఒలుచుకుంటున్నాడు. "ఉన్నారండీ!" అని నేను లేచాను. అంతే, రెక్క పట్టుకుని నన్ను లోపలికి తోశారు.

నా తల ఎప్పుడో నెరిసింది. రంగు వెయ్యను. అయినా "తాతగారూ, కూత వినపడితే ఈ బటన్ నొక్కండి" అనాలా పరీక్ష చేసే అమ్మాయి? నోరు తెరిచేలోపు హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దాల గది తలుపు వేసేసింది.

ఆ గది గొప్పతనం ఏమిటంటే, బయటి చప్పుడు లోపలికి రాదు. లోపలిది బయటికి పోదు. మాట్లాడుకోవడానికి ఒక మైకు ఉంటుందట, అది చెడిపోయిందట, నాకు తర్వాత చెప్పారు. "నాకు కాదమ్మా, మా నాన్నకి!" అని అరిచాను. ఆవిడ నవ్వుతూ తలూపింది. లేచాను. కూర్చోమని సైగ చేసింది. అద్దం మీద దబదబా కొట్టాను. కంగారు పడొద్దన్నట్టు చెయ్యి చూపించింది. ఇంక చేసేది లేక, చేతిలో ఉన్న బటనే కాలింగ్ బెల్లనుకుని ఎడాపెడా నొక్కాను. నొక్కినప్పుడల్లా ఆవిడ ముందు లైటు వెలుగుతోంది, ఆవిడ కాగితం మీద గుర్తు పెడుతోంది. కుడిచెవి గుర్తు సున్నా, ఎడమచెవి గుర్తు ఇంటూ, అవి మార్కులు కావు. ఎంత నొక్కితే అంత మంచి చెవి!

బయటికొచ్చేసరికి నాన్న పేరు మీద రిపోర్టు తయారు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, అంటే బొంగురు మోత నుంచి కీచు కూత దాకా, భేషుగ్గా వినపడుతోంది, మిషన్ అవసరం లేదు.

"పరీక్ష చెయ్యాల్సింది ఆయనకమ్మా!"

"మరి పిలిస్తే మీరెందుకు పలికారు?"

"నాకు వినపడింది గనక!"

"అదే కదండీ రాశాం."

ఎంట్రీ పడిపోయింది, మార్చడం కుదరదు, మళ్లీ క్యాంపు పెట్టినప్పుడు రమ్మన్నారు. ఎప్పుడు పెడతారని అడిగితే, పిలుస్తామన్నారు. ఆ కుర్రాడే పిలుస్తాడు కాబోలు.

ఆటోలో "ఏమన్నార్రా?" అని నాన్న అడిగాడు. అరిచి అరిచి చెప్పాను. గంటస్తంభం దగ్గర సగం జనానికి అర్థమైంది. నాన్నకి మాత్రం ఒక్క ముక్కే అందింది. "బాగానే వినపడుతోందన్నారా? నే చెప్పలేదురా, మీ అమ్మే నోట్లో నోట్లో గొణుక్కుంటుందని!"

రిపోర్టు లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు అమ్మ ఏమన్నా అంటే తీసి చూపిస్తున్నాడు.