ప్రొద్దుటూరు బోర్డు

పోయిన వేసవిలో కడప బస్టాండులో మా పాప మొదటిసారి తనంతట తానే తెలుగు చదివింది. పల్లెవెలుగు బస్సుల బోర్డులు చూసి రాజంపేట, మైదుకూరు అని గడగడా చెప్పింది. ప్రొద్దుటూరు దగ్గర ఆగిపోయింది. "జేజి పొద్దుటూరు అంటాది కదా నాన్నా, మరి ప కింద ర ఎందుకుంది?" అని అడిగింది. జేజి అంటే మా సీమలో అవ్వ.

అంతకుముందు రెండేళ్లు ప్రతి ఆదివారం పలక ముందు కూర్చోబెట్టి 56 అక్షరాలూ, గుణింతాలూ దిద్దించాను. తప్పు పోయినప్పుడల్లా మధ్యలో ఆపేవాణ్ని. తనకు టెన్షన్, నాకు కోపం. అక్షరాలు వచ్చాయి గానీ పుస్తకం చూస్తే పారిపోయేది. ఆ పొరపాటు నాదే. మన ఇళ్లలో చాలాచోట్ల ఇదే జరుగుతోంది కాబట్టే రాస్తున్నాను.

చదువు చెవి దగ్గర మొదలవుతుంది. ఎప్పుడూ వినని మాటను ఎంత కూడబలికినా పిల్లలకు అది ఉత్త చప్పుడే. మైదుకూరు పేరు జేజి నోట ఎన్నోసార్లు విన్నది కాబట్టే బోర్డు మీద కనబడగానే పట్టేసింది. అందుకే ముందు ఇంట్లో తెలుగు మాట్లాడండి, అదీ మన సీమ యాసలోనే. ఇంగ్లీషు దెబ్బతింటుందన్న భయం వద్దు. మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకోవడం ఒక భాషలో అలవడితే రెండోదానికీ పనికొస్తుంది.

1820లో కడపకు వచ్చిన, తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ దొర కూడా పండితులను పక్కన పెట్టుకునే మన పుస్తకాలతో కుస్తీ పట్టాడు. పసిపిల్లలను ఒంటరిగా చదవమంటే ఎట్లా?

ఇప్పుడు రోజూ పడుకునే ముందు పావుగంట పక్కన కూర్చుంటాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, పిల్లల స్థాయిని బట్టి ఎంచుకోవచ్చు. చదివిన కథే మళ్లీ కావాలంటే మళ్లీ అదే. తప్పు చదివినా వాక్యం అయ్యేదాకా నోరు మెదపను. ఆదివారం వీడియో కాల్‌లో జేజి కథ చెబుతూ మధ్యలో ఆపి, "తర్వాత ఏమయింటాది పాపా?" అంటుంది. నా పలక కంటే ఆ ప్రశ్నే ఎక్కువ పని చేసింది.

మొన్న జేజి కళ్లజోడు వెతుక్కుంటుంటే పాప, "నువ్వు విను జేజీ, నేను చదువుతా" అంది. మూడు పేజీలు చదివింది. నాలుగు తప్పులు పోయాయి. నేను పక్క గదిలోనే ఉండిపోయాను.