పేగుల కుప్పను చూసి జింకలు పారిపోవు

వేటగాళ్లు జింకను కోసి పేగులు, పొట్ట వదిలేసిన చోటికి ఆ సీజనంతా జింకలు రావన్న వ్యాసంలోని మాటతో ఏకీభవించలేను. జింకకు ఆ కుప్ప దానంతటదే ప్రమాద సూచన కాదు. దగ్గరికొచ్చి వాసన చూసి, ఆ పక్కనే మేసే జింకలు అడవిలో చెట్లకు కట్టే ట్రైల్ కెమెరాల్లో కనిపిస్తూనే ఉంటాయి.

బెదరగొట్టేవి వేరే. కళేబరాన్ని ఈడ్చిన దారిలో, చేతులు తగిలిన పొదల మీద మిగిలే మనిషి వాసన ఒకటి. కుప్ప కోసం వచ్చే నక్కలు, తోడేళ్లు, ఎలుగులు రెండోది. మెత్తటి భాగాలు త్వరగానే మాయమవుతాయి, పొట్టలోని నమిలిన గడ్డి మాత్రం చాలాకాలం ఉంటుంది. అది చూసి 'ఇంకా వాసనేస్తోంది' అనుకోవడం పొరపాటు. 'జింకలు రాలేదు' అంటూ రోజూ వెళ్లి చూసొచ్చేవాళ్లే వాటిని తరిమేది!

మంచె దగ్గరే కోయకుండా, గాలి వాలు చూసుకుని, కాలిబాటకూ నీటికీ దూరంగా కోస్తే చాలు. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే చోటైతే మాంసాన్ని కుప్పకు దూరంగా, దాన్ని తీసుకెళ్లడానికి తిరిగి వచ్చినప్పుడు దూరం నుంచే కనిపించేలా పెట్టాలి.

వ్యాసం వదిలేసిన అసలు సమస్య సీసం. సీసపు తూటా ఎముకకు తగిలి కంటికి కనపడని ముక్కలవుతుంది, వాటిని తిన్న గద్దలు, రాబందులు విషంతో చస్తాయి. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. రాగి తూటా వాడితే ఈ బెడద ఉండదు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడును దెబ్బతీసి చంపే అంటురోగం) ఉన్న ప్రాంతంలో మెదడు, వెన్నుపాము ఎక్కడపడితే అక్కడ పారేయకూడదు. ఆ రోగాన్ని తెచ్చే ప్రియాన్లు (ఆకారం చెడిన ప్రోటీన్లు) మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తాయి.