సిక్కు ధర్మం పంజాబీలకేనా? తిరుగుతున్న సందేశానికి జవాబు

గురునానక్ జయంతి దగ్గరపడితే చాలు, తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: సిక్కు మతం పంజాబీ ఇళ్లలో పుట్టినవాళ్లది, బయటివాళ్లు నేర్చుకుని పాటించేది కాదు. తలపాగాతో కలిపి ఐదు ‘క’లు ధరించినవాడే సిక్కు. విగ్రహాలు వద్దంటూనే పుస్తకానికి పూజ చేస్తారు. రోజూ చేసే సాధన అంటూ లేదు, ఉన్నదల్లా అన్నదానమే. ఆడవాళ్లకు చోటు లేదు. చివర్లో ఒక ప్రశ్న: మన తెలుగువాళ్లకు ఇందులో ఏముంది?

నేను తెలుగు ఇంట్లో పుట్టి, ఇష్టపడి గురుద్వారాకు వెళ్తూ, అక్కడి పెద్దల పక్కన కూర్చుని పాఠ్ (గురువుల వాణి చదవడం) నేర్చుకుంటున్న మనిషిని. ఆసక్తి ఉన్నవాళ్లు కూడా ఈ సందేశం చదివి గడప బయటే ఆగిపోతుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

“పంజాబీ ఇళ్లలో పుట్టినవాళ్లకే”

గురుద్వారాలను నడిపే సంస్థ శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించిన సిక్ఖ్ రెహత్ మర్యాద సిక్కుల నియమావళి. సిక్కు ఎవరన్నది అందులో మొట్టమొదటే ఉంది. ఒక్క అకాల పురుషుణ్ణి (కాలానికి అతీతుడైన దేవుణ్ణి), పదిమంది గురువులను, పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్‌ను, గురువుల బోధను, పదో గురువు గోవింద్ సింగ్ ఇచ్చిన అమృత్ దీక్షను నమ్ముతూ, వేరే మతాన్ని అనుసరించని స్త్రీ గానీ పురుషుడు గానీ సిక్కే. పుట్టిన ఇల్లు, ప్రాంతం, కులం, మాతృభాష... వీటి ఊసే లేదు.

1699 వైశాఖీ నాడు ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ పిలుపు విని తల ఇవ్వడానికి లేచిన ఐదుగురి ఊళ్లను సిక్కు సంప్రదాయం ఇలా చెబుతుంది: లాహోర్, హస్తినాపురం, ద్వారక, పూరీ, బీదర్. ఐదింటిలో పంజాబ్ ఊరు ఒక్కటే. బీదర్ నుంచి వెళ్లిన భాయీ సాహిబ్ సింగ్ క్షురక వృత్తి కుటుంబంలో పుట్టినవాడు. జహీరాబాద్ దాటితే వచ్చేదే ఆ బీదర్. ఖాల్సా, అంటే అమృత్ దీక్ష తీసుకున్న సిక్కుల సమూహం, మొదలైన రోజునే మన పొరుగువాడు అందులో ఉన్నాడు.

ఇక హైదరాబాద్ సంగతి. మహారాజా రంజిత్ సింగ్ 1832 ప్రాంతంలో నిజాం కోసం లాహోర్ నుంచి సైన్యాన్ని పంపాడు. వచ్చినవాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు. అత్తాపూర్ దగ్గరి బరంబాలా గురుద్వారా ఆ కాలం నాటిదే. వాళ్ల వారసులను దక్కనీ సిక్కులంటారు. వాళ్లలో మనలాగే తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది. వాళ్లను ‘పంజాబ్ వాళ్లు’ అనేస్తే దాదాపు రెండు వందల ఏళ్ల మన ఊరి చరిత్రను చెరిపేసినట్టే.

భాష గురించి భయం మాత్రం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. గురు గ్రంథ్ సాహిబ్ 1430 పుటల గ్రంథం. అంతా గురుముఖి లిపిలోనే ఉన్నా, భాష ఒక్క పంజాబీ కాదు. గురువుల వాణితో పాటు కాశీ కబీరు, రవిదాసు, మహారాష్ట్ర నామదేవుడు, సూఫీ సాధువు షేక్ ఫరీద్ వాణి కూడా అందులో ఉంది. పంజాబీ ఇంట్లో పుట్టిన పిల్లవాడికీ అర్థం చెప్పించుకోక తప్పదు. నియమావళి కూడా సిక్కులను గురుముఖి నేర్చుకోమంటుంది. పుట్టుకతో వచ్చేదైతే నేర్చుకోమని చెప్పడం ఎందుకు?

నేను మొదట తెలుగు లిపిలో రాసుకుని చదివాను, తర్వాతే గురుముఖిలోకి వెళ్లాను. ఆ లిపిలో మూల అక్షరాలు 35. మన అక్షరమాల దిద్దినవాళ్లకు అది పెద్ద కష్టం కాదు. అసలు కష్టం ఉచ్చారణలో ఉంది. గురుబాణీలో (గ్రంథంలోని వాణిలో) చాలా పదాల చివర చిన్న ఇకారమో ఉకారమో రాసి ఉంటుంది, అది వ్యాకరణం కోసం పెట్టిన గుర్తు, సాధారణంగా పలకరు. మన నాలుకకేమో చివరి అచ్చు పలకనిదే మాట పూర్తయినట్టు ఉండదు. పక్కన ఒక పెద్దాయన కూర్చుని దిద్దితే తప్ప ఇది పోదు. అందుకే ఫోన్‌లో చదివి నేర్చుకోవడం కంటే సంగత్‌లో (గురుద్వారాలో కూడిన భక్తుల మధ్య) కూర్చుని నేర్చుకోవడమే మేలని నా నమ్మకం.

“తలపాగాతో కలిపి ఐదు ‘క’లు ఉంటేనే సిక్కు”

ముందు లెక్క సరిచేయాలి. ఆ ఐదూ కేశ్ (తీయని జుట్టు), కంఘా (దువ్వెన), కడా (కడియం), కచ్ఛెరా (లోపలి నిక్కరు), కిర్పాన్ (కత్తి). తలపాగా అందులో లేదు. సిక్కు పురుషులకు అది తప్పనిసరే, స్త్రీలకు వాళ్ల ఇష్టం. కానీ ఐదు కకారాల్లో ఒకటి కాదు.

ఇవి అమృత్ తీసుకున్నవాళ్లు మోసే బాధ్యత. ఐదుగురు అమృత్‌ధారుల ముందు నిలబడి మాట ఇవ్వాలి: ఒంటి మీది వెంట్రుక తీయను, హలాల్ మాంసం తినను, పెళ్లాడిన మనిషిని తప్ప మరొకరిని కోరను, పొగాకు ముట్టను. దాంతో పాటు రోజూ నిత్‌నేమ్ (నియమంగా చదివే ప్రార్థనలు) చేస్తాననీ మాట ఇవ్వాలి. అంటే ఐదు కకారాలు ఒక సాధనలో భాగం. సాధన వదిలేసి వస్తువులు మాత్రం పట్టుకుంటే అది అలంకారమే. కడాను ఫ్యాషన్‌గా వేసుకునే కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు, వాళ్లు సిక్కులైపోలేదు.

అమృత్ తీసుకోని సిక్కులు లక్షల్లో ఉన్నారు. కేశాలు తీయించుకున్నవాళ్లను, సహజ్‌ధారీలను (అమృత్ తీసుకోకుండా సిక్కు మార్గాన్ని పాటించేవాళ్లను) ఎంతవరకు సిక్కులనవచ్చన్న దానిపై పంథ్‌లో (సిక్కు సమాజంలో) గట్టి వాదాలు ఉన్నాయి. 2016 చట్టసవరణ తర్వాత శిరోమణి కమిటీ ఎన్నికల్లో సహజ్‌ధారీలకు ఓటు లేదు. అది సంస్థను నడిపే హక్కు ఎవరిదన్న తగాదా. జప్‌జీ (గురునానక్ రచించిన ప్రార్థన) చదవడానికీ, కీర్తన్‌లో కూర్చోవడానికీ, సేవ చేయడానికీ ఎవరూ ఎవరి గుర్తింపూ అడగరు. నేనింకా అమృత్ తీసుకోలేదు. ఆ మాట నిలబెట్టుకోగలనన్న నమ్మకం కుదిరాకే తీసుకోవాలన్నది నా అభిప్రాయం. నాకు పాఠ్ నేర్పే పెద్దలూ తొందరపెట్టలేదు.

“పుస్తకానికి పూజ చేస్తారు”

చూసినవాళ్లకు అలా అనిపించడం సహజం. తెల్లవారుజామున గ్రంథాన్ని పీఠం మీదికి తెస్తారు, పట్టు రుమాలాలు కప్పుతారు, చౌర్ (వింజామర) వీస్తారు, రాత్రి విశ్రాంతికి తీసుకెళతారు. మన గుళ్లలో సుప్రభాతం నుంచి పవళింపు సేవ దాకా చూసిన కళ్లు దీన్నీ అదే వరుసలో పెట్టేస్తాయి.

అయితే లోపల జరిగేది వేరు. 1604లో గురు అర్జన్ ఆది గ్రంథాన్ని (గురు గ్రంథ్ సాహిబ్ తొలి రూపాన్ని) హర్‌మందిర్ సాహిబ్‌లో, అంటే అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో ఉంచారు. 1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని చెప్పారు. గ్రంథానికి దొరికే గౌరవం గురువుకు దక్కే గౌరవం. గురువు దగ్గరికి వెళ్లేది మాట వినడానికి. అందుకే ప్రతిరోజూ గ్రంథాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి, ఎడమ పుట పైభాగంలో వచ్చిన శబద్ (స్తుతిగీతం) చదువుతారు. అదే ఆ రోజు హుకమ్‌నామా, అంటే ఆజ్ఞ. విని తల వంచి వచ్చేయడంతో పని అయిపోదు. అందులో అహంకారం గురించి వస్తే ఆ రోజంతా ఆ అద్దంలో మనల్ని చూసుకోవాలి.

రెహత్ మర్యాద ఇంకా స్పష్టంగా చెబుతుంది. గ్రంథం ముందు దీపాలతో, ధూపంతో హారతి ఇవ్వడం, నైవేద్యం పెట్టడం, గంటలు కొట్టడం గురుమతానికి (గురువుల బోధకు) విరుద్ధం. పూలూ సుగంధమూ గది పరిమళించడానికైతే అభ్యంతరం లేదు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి నాందేడ్ వెళ్లినవాళ్లు అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారాలో దీపాల హారతి కళ్లారా చూసి వస్తారు. నిజమే, అక్కడ ఉంది. ఆ తఖ్త్ (సిక్కుల ప్రధాన పీఠాల్లో ఒకటి) తన పాత ఆచారాలను నిలుపుకుంది, అమృత్‌సర్ పద్ధతికీ దానికీ తేడా ఉంది. కానీ అన్ని గురుద్వారాల తీరూ అదే అనుకోవడం పొరపాటు. హారతి మీద గురునానక్ చెప్పిన శబద్ ఒకటుంది: ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలు, నక్షత్రాలే ముత్యాలు, గాలే వింజామర. అది రోజూ రాత్రి పడుకునే ముందు చదివే సోహిలాలో భాగం. ఆ పంక్తులు చదివి పడుకునే మనిషిని పుస్తకపూజారి అంటే నాకు మనసు కష్టపడుతుంది.

“రోజువారీ సాధన లేదు, అన్నదానమే”

సందేశంలో అన్నిటికంటే పెద్ద అబద్ధం ఇది. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి నామజపం, ఆ తర్వాత జప్‌జీ సాహిబ్, జాప్ సాహిబ్, సవయ్యే అనే ప్రార్థనలు. సాయంత్రం రెహ్‌రాస్. పడుకునే ముందు సోహిలా. ఉదయం, సాయంత్రం పాఠ్‌ల చివర అర్దాస్, అంటే విన్నపం. జప్‌జీ ఒక్కటే 38 పౌడీలు (చరణాలు). ఇదంతా ఒక్కసారి మొదలుపెడితే వారంలో చేతులెత్తేస్తారు. కొత్తవాళ్లకు నేను చెప్పేది: మూల మంత్రం (గ్రంథం మొదలయ్యే మాటలు), దాని తర్వాత సోహిలా. అందులో ఐదే శబద్‌లు, కొద్ది నిమిషాల పని. అది నోటికి వచ్చాక జప్‌జీ.

చదవడంతో సగమే అయింది. కష్టపడి నిజాయితీగా సంపాదించాలి, సంపాదన పంచుకోవాలి. గురునానక్ దేశాలు తిరిగి వచ్చాక కర్తార్‌పూర్‌లో సేద్యం చేసుకుంటూ బతికారు. సత్యం అన్నిటికంటే పైది, సత్యంగా బతకడం దానికంటే పైది అన్నారు. కల్తీ సరుకు అమ్మి పదోవంతు గురుద్వారా హుండీలో వేస్తే దస్వంద్ తీరినట్టు కాదు. పొద్దున్నే జప్‌జీ చదివి ఆఫీసులో లంచానికి చేయి చాపితే ఆ పాఠ్ పాఠ్ కాదు. నిజంగా కష్టమైన సాధన ఇదే, దీనికి వేషం అక్కర్లేదు.

లంగర్‌ను, అంటే గురుద్వారాలో అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినే భోజనాన్ని, అన్నదానం అనడం దాన్ని సగానికి కుదించడమే. ఇచ్చేవాడు గట్టు మీద, పుచ్చుకునేవాడు కింద ఉంటే అది లంగర్ కాదు. ముందు పంక్తిలో కూర్చుని తిని, తర్వాతే తన దర్శనానికి రమ్మన్నది గురు అమర్‌దాస్ పెట్టిన నియమం. వండేవాళ్లూ తినేవాళ్లే, తిన్నవాళ్లే గిన్నెలు తోముతారు. అహంకారం అరగడానికి పెట్టిన పని అది.

“ఆడవాళ్లకు చోటు లేదు”

రాజులను కన్న స్త్రీని తక్కువ చేసి ఎలా మాట్లాడతారని గురునానక్ నిలదీశారు. గురు అంగద్ భార్య మాతా ఖీవీ నెయ్యి వేసిన ఖీర్ వడ్డించిన సంగతి గురు గ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది. గురు అమర్‌దాస్ సతీసహగమనాన్ని, పరదాను ఒప్పుకోలేదు. స్త్రీలు అమృత్ తీసుకోవచ్చు, గ్రంథం చదవవచ్చు, అమృత్ ఇచ్చే ఐదుగురిలోనూ ఉండవచ్చు.

ఆచరణ మాత్రం వెనకబడింది. హర్‌మందిర్ సాహిబ్ గర్భగృహంలో స్త్రీలకు కీర్తన్ చేసే అవకాశం లేదు. ఇవ్వమని కోరుతూ 2019లో పంజాబ్ శాసనసభ తీర్మానం చేయాల్సి వచ్చింది. పంజాబ్ పల్లెల్లో కులానికో గురుద్వారా ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. ఇవి గురువుల మాటకు ఎదురు నడిచే తప్పులు, వాటిని తప్పులనే అనాలి.

“తెలుగువాళ్లకు ఇందులో ఏముంది?”

ఈ ప్రశ్నకు జవాబు ఇంకొకరు చెబితే సరిపోదు. ఒక ఆదివారం పొద్దున మీ ఊళ్లోనో దగ్గర పట్నంలోనో ఉన్న గురుద్వారాకు వెళ్లండి. చెప్పులు విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తల కప్పుకుని లోపలికి నడవండి. రుమాలు తెచ్చుకోకపోయినా ఫర్వాలేదు, చాలా చోట్ల గుమ్మం దగ్గరే ఉంచుతారు. కీర్తన్ అయ్యేదాకా కింద కూర్చోండి, కడాహ్ ప్రసాదం (గోధుమపిండి హల్వా) రెండు చేతులూ కలిపి దోసిట్లో పట్టండి, లంగర్‌లో తిన్నాక గిన్నెల దగ్గరికి వెళ్లి ఒక చేయి వేయండి. నేర్చుకోవాలని ఉంటే గ్రంథీని (గ్రంథం చదివే వారిని) అడగండి, పాఠ్ ఎప్పుడు చెబుతారో చెబుతారు. జేబులో సిగరెట్లు, గుట్కా ఉంటే మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.